కార్తీకంలో రసం కాయ

రెడ్డిగూడెం నుంచి నూజివీడు వెళ్ళే దారిలో బసవపున్నారావుకు పన్నెండెకరాల మామిడి తోట ఉంది. దేవుడు లేడన్న అభిప్రాయం కూడా ఉంది. తోట తండ్రి ఇచ్చింది, అభిప్రాయం సొంతంగా సంపాదించుకున్నది. రెండింటిలో దేన్ని ఎక్కువ శ్రద్ధగా చూసుకుంటాడో చెప్పమంటే భార్య పున్నమ్మకే కష్టం. తోటకైనా ఏడాదికి రెండు నెలలు విశ్రాంతి దొరుకుతుంది గానీ ఆ అభిప్రాయానికి ఒక్క పూట కూడా సెలవు లేదు.

అలాగని ఆయన తగువులమారి మనిషేం కాదు. గుడికి చందా అడిగితే ఇస్తాడు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి అక్షింతలు వేస్తాడు. పున్నమ్మ పూజలో కూర్చుంటే టీవీ సౌండు తగ్గిస్తాడు. ఎవరైనా "అంతా పైవాడి దయండీ" అంటే మాత్రం ఆగలేడు. "రుజువేంటి?" అంటాడు. గొంతు పెంచడు, వెక్కిరించడు. ఎరువుల కొట్లో బస్తా మీద తేదీ అడిగినట్టు అడుగుతాడు. అడిగి, కుర్చీలో వెనక్కి వాలి, ఎదుటి మనిషి నీళ్ళు నమలడం చూస్తూ కూర్చుంటాడు. డెబ్బయ్యేళ్ళు దగ్గర పడుతున్నా ఇంతవరకూ సరైన జవాబు చెప్పినవాడు లేడు. అది ఆయనకు గర్వంగానే ఉండేది. నిజం చెప్పొద్దూ, ఈ మధ్య కాస్త విసుగ్గా కూడా ఉంటోంది.

ఆ తోటలో ముప్ఫయ్యేళ్ళుగా పని చూసేవాడు సాంబయ్య. నడిస్తే ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. పద్ధెనిమిదేళ్ళ కిందట కోతల్లో, గట్టు పక్కనున్న పెద్దరసం చెట్టు మీద ఉండగా కొమ్మ విరిగి, కాయలు కోసే చిక్కం కర్ర చేతిలో పట్టుకునే కింద పడ్డాడు. మూడు రోజులు తెలివి లేదు. బసవపున్నారావే కారులో వేసుకుని బెజవాడ తీసుకెళ్ళి, ఆసుపత్రిలో చేర్పించి, తొడలో రాడ్డు వేయించాడు. నాలుగో రోజు కళ్ళు తెరిచిన సాంబయ్య అడిగిన మొదటి మాట, "కాయలు దెబ్బతిన్నాయా అండి?" అని.

ఆ మూడు రోజుల్లోనే సాంబయ్య భార్య నాగమణి వాగులోంచి ఒక రాయి మోసుకొచ్చి, మొగుడు పడ్డ చోటే నిలబెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టింది. "తోటమ్మ తల్లీ, ఆయన్ని నువ్వు పట్టుకో, నిన్ను నేను పట్టుకుంటా" అని మొక్కుకుంది. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం దీపం. వానొచ్చినా జ్వరమొచ్చినా ఒక్క వారం తప్పలేదు. అక్కడ పట్టుకున్న రాయి అక్కణ్ణుంచి కదిలిందంటే తన మనిషి దక్కడని నాగమణి నమ్మకం. ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా తెలిసిన మాట గనుక ఎవరు కాదన్నా వినదు.

"బతికించింది డాక్టరు" అనేవాడు బసవపున్నారావు.

"డాక్టరు గారి దగ్గరికి తోలింది తోటమ్మే కదండీ" అనేది నాగమణి.

"తోలింది నేను. కారు నాది, డీజిలు నాది."

"మీకా బుద్ధి పుట్టించింది ఎవరంట?"

దాంతో ఆయనకు తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఆ చెట్టు మొదట్లో మందు పొయ్యడం గానీ, దాని మీద పిచికారీ కొట్టడం గానీ మాన్పించాడు. దీపం పెట్టుకునే చోట విషం ఎందుకని పున్నమ్మ అంటే సరేనన్నాడు. ఒక్క చెట్టుతో ఏం పోయిందిలే అనుకున్నాడు.

ఇలా సాగిపోతుండగా మూడేళ్ళ నుంచి నల్ల తామర పురుగు పూతనంతా తినేయడం మొదలుపెట్టింది. ముసలి రసాలు చూస్తే కాపు తగ్గిపోయాయి. చాట్రాయి వైపు రైతులు మామిడి కొట్టేసి పామాయిల్ వేసుకుంటున్నారు. మొన్న జూన్‌లో కోతలు అయిపోయాక బసవపున్నారావు కూడా ఒక నిర్ణయానికి వచ్చాడు. సాంబయ్యనీ నాగమణినీ వరండాలోకి పిలిచి, గట్టు వైపు నాలుగెకరాలు తీయించేస్తున్నానని, కార్తీక పౌర్ణమి వెళ్ళగానే జేసీబీ వస్తుందని చెప్పాడు.

నాగమణి మొహంలో నెత్తురు చుక్క లేదు. "గట్టు చెట్టు కూడానా అండీ?"

"అదీ ఆ వరసలోదేగా. నీ రాయిని జాగ్రత్తగా తీయించి ఇవతల చెట్టు కింద పెట్టిస్తాను. దేవతన్నాక ఎక్కడైనా ఉంటుంది కదా?"

"ఆవిడ ఉంటదండి. ఈయన ఉండడు" అని, సాంబయ్యను చూపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బసవపున్నారావుకు జాలి వేసింది. జాలి వేసినప్పుడు ఆయన ఇంకా ఎక్కువ తర్కం మాట్లాడతాడు, అదో పాడు అలవాటు. "చూడు నాగమణీ. ఆవిడ ఉందంటున్నావు. ఉంటే ఒక తేడా కనపడాలి కదా? ఉన్నా ఇంతే, లేకపోయినా ఇంతే అయితే అది ఉన్నట్టా, లేనట్టా? ఒక్క తేడా చూపించమను. కార్తీక మాసంలో ఆ చెట్టుకి ఒక్కటంటే ఒక్క రసం కాయ కాయించమను. చెట్టు జోలికి నేను రాను, నా తరవాతివాళ్ళనీ రానివ్వను."

పెద్దరసం చలికాలంలో పూస్తుంది, ఎండల్లో కోతకొస్తుంది. కార్తీకంలో దానికి ఆకులు తప్ప ఏమీ ఉండవు. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు. పున్నమ్మ మొగుడి వంక చుర్రున చూసి లోపలికి వెళ్ళిపోయింది.

సాంబయ్య తల గోక్కున్నాడు. "ఆ తల్లికి పరీక్ష పెట్టకండి అయ్యగారూ."

"ఏం, ఫెయిలవుతుందనా?"

"అది కాదండి. ఆవిడ పాసైనా మీరు నమ్మరు. ఫెయిలైనా ఇది దీపం మానదు. ఇంక పరీక్ష ఎందుకండి?"

బసవపున్నారావు పకపకా నవ్వాడు. నూజివీడులో డిగ్రీలు చదివినవాళ్ళు కూడా ఇంత సూటిగా మాట్లాడలేదు. "నేను మాట మీద నిలబడే మనిషిని. కాయ కాస్తే చెట్టు ఉంటుంది" అన్నాడు.

శ్రావణంలో రెండో శుక్రవారం దీపం పెట్టడానికి వెళ్ళిన నాగమణి, పళ్ళెం అక్కడే వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. వగరుస్తూ ఆవిడ చెప్పిన మాట పున్నమ్మకు మూడోసారికి గానీ అర్థం కాలేదు. గట్టు చెట్టు పడమటి కొమ్మ పూతకొచ్చింది.

బసవపున్నారావు వెళ్ళి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. పూతే. "వానకి రాలిపోద్దిలే" అన్నాడు. చాలావరకు రాలింది కూడా. పది రోజులయ్యేసరికి ఒక్క రెమ్మకు ఒకే ఒక్క పిందె మిగిలింది. అదేమో ఊడదు.

ఆయన నూజివీడులో ఉండే బాలశౌరికి ఫోను చేశాడు. బాలశౌరి ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయనకు పాత స్నేహితుడు.

"ఆ చెట్టుకి పూత మందు పోశారా?" అన్నాడు బాలశౌరి. కాలం కాని కాలంలో పూత రావాలంటే చెట్టు మొదట్లో పోసే మందు ఒకటుంది. పోసిన మూడు నాలుగు నెలలకు చెట్టు పూస్తుంది.

బసవపున్నారావు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, పక్కనే మోటారు బాగుచేస్తున్న సాంబయ్యను అడిగాడు. "గట్టు చెట్టుకి మందేమన్నా పోశావా?"

"దానికి ఎప్పుడు పోశామండి? పొయ్యం కదా" అన్నాడు సాంబయ్య. అది నిజమే.

"అయితే వాతావరణం అయి ఉంటుంది. ఒక్కో చెట్టు అలా తిరగబడుతుంది" అన్నాడు బాలశౌరి.

"అయి ఉంటుందంటే? రుజువేంటి?"

బాలశౌరి నవ్వాడు. "రుజువేముంటుంది పున్నారావుగారూ? అలా జరుగుతుంటాయంతే."

ఫోను పెట్టేశాక ఆ మాట ఆయన్ని తొలిచేసింది. అలా జరుగుతుంటాయంతే! పైవాడి దయ అన్నవాళ్ళను నలభయ్యేళ్ళుగా ఉతికి ఆరేశాడు. ఇప్పుడు తన పక్షాన నిలబడి మాట్లాడాల్సిన మనిషి అంతకంటే గొప్పగా ఏం చెప్పాడు?

అప్పటినుంచి రోజూ పొద్దున కాఫీ తాగి నేరుగా గట్టు చెట్టు దగ్గరికే వెళ్ళడం మొదలుపెట్టాడు. పరిశీలన అని పేరు పెట్టుకున్నాడు. పిందె నిమ్మకాయంత అయింది, తరవాత కోడిగుడ్డంత అయింది. కార్తీకం ఇంకో వారం ఉందనగా తుఫాను పట్టింది. ఊళ్ళో కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, అరటి తోటలు నేల కరిచాయి, పాలు పోసుకున్న వరి పడుకుంది. తెల్లారి జల్లు పడుతుండగానే రెయిన్‌కోటు వేసుకుని, బురదలో రెండుసార్లు జారి, చెట్టు దగ్గరికి చేరాడు. తోటంతా విరిగిన కొమ్మలు. కాయ మాత్రం ఉన్నచోటే ఉంది.

"అమ్మయ్య!" అన్నాడు పైకే. అని, తను సంతోషపడుతున్నాడని గ్రహించి కంగారుపడ్డాడు. ఈ కాయ ఊడిపోతే గెలిచేది తనేగా?

కార్తీక పౌర్ణమికి కాయ నిండుగా అరచేయంత ఉంది. సంగతి ఎలా పొక్కిందో, రెడ్డిగూడెం నుంచి ఆటోల్లో జనం వచ్చారు. ఎవరో చెట్టు మొదలుకు ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టారు. ఫోనులు పైకెత్తి వీడియోలు తీశారు. దేవుడే లేడన్న బసవపున్నారావు తోటలో అంటూ చెప్పుకున్నారు. ఆయన వరండాలో కూర్చుని అన్నీ విన్నాడు.

"ఇప్పుడేమంటారు?" అంది పున్నమ్మ. దెప్పిపొడుపు లేదు, నిజంగానే అడిగింది.

"అనేదేముంది? మాటిచ్చాను. చెట్టు ఉంటుంది."

జనం వెళ్ళిపోయాక సాయంత్రం ఒక్కడే తోటలోకి వెళ్ళాడు. రాయి ముందు దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. ఏదో అనాలనిపించింది, ఏమనాలో తోచలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పులు లేవు. అక్కడ విప్పేసి, వేసుకోవడం మరిచిపోయి వచ్చాడు.

మూడు రోజుల తరవాత పొద్దున్నే సాంబయ్య వచ్చాడు. రెండు రోజుల గడ్డం, నలిగిన మొహం. చేతిలో ఒక పసుపు ప్లాస్టిక్ డబ్బా. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇది షెడ్డులో పాత టైరు కింద దొరికిందండి, పౌర్ణమి మర్నాడు" అన్నాడు.

"ఏంటది?"

"పూత మందు డబ్బా అండి. నిరుడు మిగిలింది, సగం ఉండేది. కోతల ముందర షెడ్డు దులిపినప్పుడు పాడైపోయిందనుకుని నేనే ఒంపేశానండి. గట్టు అవతలకి ఒంపాననుకున్నా. ఇది కనపడ్డాక ఆలోచిస్తే గుర్తొచ్చింది. గట్టెక్కడానికి కాలు సాయం రాలా. చెట్టు మొదట్లోనే ఒంపానండి."

బసవపున్నారావు డబ్బా తీసుకుని తిప్పి చూశాడు. ఏప్రిల్‌లో ఒంపితే ఆగస్టులో పూత. లెక్క సరిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. నలభయ్యేళ్ళ అభిప్రాయం చెక్కుచెదరకుండా ఇంటికి తిరిగొచ్చింది. ఆ గెలుపు ఒక్క నిమిషం నిలిచింది, అంతే. తరవాత ఆయనకు బాధ కలిగింది. ఏదో పోగొట్టుకున్న బాధే అది, వేరే పేరు పెట్టడానికి లేదు.

"నాగమణికి తెలుసా?"

"చెప్పానండి. 'నీ చేత పోయించింది ఎవరంట?' అందండి. మీ దగ్గర నోరెత్తొద్దని ఒట్టు పెట్టబోయింది. నేను పెట్టనివ్వలా."

బసవపున్నారావుకు చిర్రెత్తుకొచ్చింది. "చూశావా! ఇంక ఆ మనిషిని ఎవరు ఓడిస్తారయ్యా? కాయకపోతే తోటమ్మ ఇష్టం. కాస్తే ఆవిడ మహిమ. మందుకి కాస్తే, మందు పోయించిన మహిమ! ఏది జరిగినా ఆవిడే అయితే ఇంక నేను చూడాల్సింది ఏంటి?"

"అవునండి. నేనూ అదే అన్నానండి దానితో."

"నువ్వేమనుకుంటున్నావు?"

"మందుకే కాసిందండి."

"మరింకేం? తోటమ్మ లేనట్టేగా!"

సాంబయ్య తెల్లబోయాడు. "అదేంటండి? మందుకి కాయ కాస్తే తల్లి లేకుండా ఎలా పోద్దండి? కాయ కాయించమని నేనెప్పుడన్నా మొక్కానా? అడిగింది మీరు."

బసవపున్నారావు చేతిలో డబ్బా వంక చూశాడు. నిజమే, కాయ తన షరతు. తనకు తెలిసిన వస్తువు, తను చెట్టుమీద చూడగలిగేది, కారణం వెతికితే దొరికేది అడిగాడు. దొరికింది. దొరికిన కారణంతో తేలింది కాయ సంగతే. ఆ విషయం జూన్‌లోనే సాంబయ్య చెప్పాడు, తను నవ్వాడు.

డబ్బా నేల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "సాంబయ్యా, నేను మాటిచ్చింది కాయ చూసి. కాయ మందుదైతే ఆ మాట చెల్లదు. సోమవారం జేసీబీ వస్తుంది."

"తెలుసండి."

"చెట్టు పోతుంది. రాయి కదులుతుంది."

"తెలుసండి" అన్నాడు సాంబయ్య. చెయ్యి దానంతటదే తొడ మీదికి, రాడ్డు ఉన్న చోటికి వెళ్ళింది.

"భయం లేదా నీకు?"

"ఎందుకు లేదండి? ఉంది. రెండు రోజుల్నుంచి అన్నం సయించట్లా."

"మరి ఎందుకు చెప్పావయ్యా? జనమంతా నమ్మారు. నేనే సగం నమ్మాను. ఈ డబ్బా తీసుకెళ్ళి వాగులో పారేస్తే సరిపోయేది. నువ్వు మందు ఒంపడం ఎవడు చూశాడు?"

సాంబయ్య ఆయన వంక వింతగా చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా తెలిసిన పెద్దమనిషికి ఇంత చిన్న సంగతి తట్టకపోవడమేంటన్నట్టు చూశాడు.

"ఆ తల్లుంది కదండీ అక్కడ" అన్నాడు.

బసవపున్నారావు నోరు తెరిచాడు. చెప్పడానికి బోలెడుంది. దేవుడి భయం లేకపోయినా నిజం చెప్పేవాళ్ళుంటారు, తనే ఉన్నాడు. ఒకడు నమ్మి నిజాయితీగా ఉన్నంత మాత్రాన వాడు నమ్మింది నిజమైపోదు. ఈ మాటలన్నీ ఎన్ని వరండాల్లో, ఎన్ని పెళ్ళి పందిళ్ళలో చెప్పాడో లెక్కలేదు. అన్నీ సరైన మాటలే, ఇప్పటికీ సరైనవే. కానీ ఒక్క తేడా చూపించమని తనే అడిగాడు. ఆ తేడా ఎదురుగా నలిగిన చొక్కాతో, రాడ్డు వేసిన కాలితో నిలబడి ఉంది. తెరిచిన నోరు మూసుకుని, "కాఫీ తాగి వెళ్ళు" అన్నాడు.

సోమవారం మైలవరం నుంచి జేసీబీ వచ్చింది. ఈ లోపల కాయను ఉడత కొట్టేసింది. సగం కొరికిన ముక్క రాయి పక్కన పడి చీమలు పట్టి ఉంటే, నాగమణి అదంతా ఊడ్చి, శుభ్రంగా నీళ్ళు చల్లి, మళ్ళీ దీపం వెలిగించింది. శుక్రవారం కాకపోయినా వెలిగించింది. వెలిగించి, రాయికీ బండికీ మధ్య నిలబడింది. సాంబయ్య దూరంగా, మొదటి వరస దగ్గర, తల వంచుకుని డ్రిప్పు పైపులు చుడుతున్నాడు. చూడ్డానికి వచ్చిన నలుగురైదుగురు ఊరివాళ్ళతో బసవపున్నారావు ముందే చెప్పేశాడు, ఆ కాయ మందుకి కాసిందని, డబ్బా ఇంట్లోనే ఉందని, కావాలంటే వచ్చి చూడమని. ఎవరూ చూస్తామనలేదు.

జేసీబీ నడిపే చందు బండి ఆపి, కిందికి దిగి వచ్చాడు. "గట్టు నుంచి మొదలుపెట్టమంటారా అండి?"

"గట్టు చెట్టు వదిలెయ్. దాని చుట్టూ నాలుగు గజాలు బకెట్టు తగలకూడదు. మిగతావన్నీ తీసెయ్."

నాగమణి గట్టు మీద అలాగే చతికిలబడిపోయింది. సాంబయ్య చేతిలో పైపు చుట్ట విడిపోయింది.

చందు చెట్టు వంక చూశాడు, జనం వంక చూశాడు. "కాయ మందుకి కాసిందని మీరే అంటిరి కదండీ ఇందాక?"

"అవును, మందుకే."

"మరి వదిలెయ్యడం ఎందుకండి?"

కుర్రాడు అడిగిన దాంట్లో తప్పు లేదు. బసవపున్నారావు గట్టు వైపు చూశాడు. తరవాత, విడిపోయిన పైపును కాలు ఈడుస్తూ మళ్ళీ చుడుతున్న సాంబయ్య వైపు చూశాడు.

"ఉందిలేవయ్యా ఒక కారణం. రుజువు మాత్రం అడక్కు" అన్నాడు.

చందు భుజాలెగరేసి వెళ్ళి బండెక్కాడు.